చుక్క నీరు కలపని కూలెంటు

ఇరవై ఆరేళ్ళుగా అమీర్‌పేటలో ఎంట్రన్సు పరీక్షల పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. ద్రావణాల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక వాక్యం రాస్తాను: వాహనాల రేడియేటర్లలో నీరు గడ్డకట్టకుండా ఇథిలీన్ గ్లైకాల్ కలుపుతారు. పిల్లలు దాన్ని నోట్సులోకి ఎక్కించుకుని, కింద గీత గీసుకుని, పరీక్షలో మార్కు తెచ్చుకుంటారు. రాసిన నేను మాత్రం ఏనాడూ ఒక రేడియేటర్ మూత తీసి చూసిన పాపాన పోలేదు. నాకు కారు లేదు. స్కూటర్ ఉంది, దానికి గాలే దిక్కు.

అలాంటి నన్ను పోయిన వేసవిలో ఒక డీజిల్ ట్రాక్టరుకు ఏ యాంటీఫ్రీజ్ పోయాలో చెప్పమని అడిగారు. అడిగినవాడి తప్పేమీ లేదు, ముందే చెబుతున్నాను.

మేముండే సందులోకి లారీ ట్యాంకర్ దూరదు. దూరినా వెనక్కి తిరగలేదు. మా బోరు మార్చి నెలకే చేతులెత్తేస్తుంది. అప్పట్నుంచీ వానలు పడేదాకా మా అపార్టుమెంటుకీ, వెనక ఉన్న రెండు హాస్టళ్ళకీ నీళ్ళు తెచ్చేది ఒకే ఒక్క ట్రాక్టరు. వెనక నీళ్ళ ట్యాంకు, ముందు పాత ఇంజను, దాని మీద ఒక బక్క మనిషి. ఓనరూ, డ్రైవరూ, పైపు పట్టేవాడూ అన్నీ తనే. లారీలు దూరలేని సందులు ఉన్నందువల్లే అతనికి పని దొరుకుతోంది.

మే నెలలో ఒకరోజు పొద్దున నేను క్లాసుకు బయల్దేరుతుంటే స్కూటరుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"సార్, మీరు కెమిస్ట్రీ గదా?"

"అవును. ఏం?"

"ఇంజను ఉడుకుతున్నది సార్. ఎర్రమంజిల్ చడావ్ ఎక్కంగనే ఆవిరి కొడుతున్నది. మెకానిక్ రేడియేటర్ మొత్తం కడిగి ఇచ్చిండు. బోరు నీళ్ళు పోసి పోసి లోపల సున్నం కట్టిందట. ఇగ నీళ్ళు బంద్ చేసి కూలెంటు పొయ్యి అన్నడు. ఇంకొక్కపారి ఉడికిందంటే ఇంజను బ్లాక్ పగులుతదట. పగిలితే తుక్కు కింద అమ్ముకోవుడే. నాకున్నది గీ ఒక్క బండే సార్."

"అయితే?"

"దుకాణంల పచ్చది ఉన్నది, ఎర్రది ఉన్నది. డబ్బ మీద యాంటీఫ్రీజ్ అని రాసున్నది. ఏది పొయ్యాలెనో నాకు సమజ్ అయితలేదు. గా ముచ్చట మీరు మా అక్క బిడ్డకు క్లాసుల చెప్పిన్రట."

బుర్ర ఉన్న మనిషైతే ఏమనాలి? ఆ మెకానిక్‌నే అడగవయ్యా అనాలి. లేదా ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకం చూడమనాలి. ఆ పుస్తకం అతని దగ్గర ఉంది కూడా. సీటు కింద ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకున్నాడు. ఏటా దసరాకి బండితో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టడమే గానీ ఇంతవరకూ తెరిచినట్టు లేదు. "ఇండ్ల ఉన్నదేమో, జర సదువుండ్రి సార్" అని రెండు చేతులతో అందించాడు. ఇన్నేళ్ళు చెప్పిన పాఠానికి నేను కరపుస్తకం చూడాలా అని నాకు చిర్రెత్తుకొచ్చింది. "అది లోపల పెట్టు. రేపు నేనే వచ్చి కొనిపెడతాను" అన్నాను. అతను పుస్తకాన్ని కళ్ళకద్దుకుని మళ్ళీ సీటు కింద పెట్టేశాడు.

ఆ రోజు క్లాసులో ఇదే లెక్క ఇచ్చాను. ఒక ఇంజన్‌లో నీరు మరిగిపోతోంది. మరగకుండా ఉండాలంటే ఏం పోయాలి? మొదటిది మామూలు నీరు, రెండోది పావు వంతు గ్లైకాల్, మూడోది సగం సగం, నాలుగోది అచ్చంగా గ్లైకాల్. నీళ్ళు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయి. సగం సగం కలిపితే ఇంకొంచెం పైన. అచ్చంగా గ్లైకాలే అయితే దాదాపు రెండొందల దాకా మరగదు. అంటే జవాబు నాలుగు. క్లాసంతా ఒక్క గొంతుతో నాలుగు అంది. ఎంత చురుకైన పిల్లలో అని మురిసిపోయాను. నేననుకున్నదే చెప్పేవాళ్ళు నాకెప్పుడూ చురుగ్గానే కనిపిస్తారు.

స్టాఫ్ రూములో ఒక ఫిజిక్స్ మాస్టారు ఉన్నారు. పొద్దుటి తొమ్మిది గంటల బ్యాచి ఎవరిదన్న గొడవలో మా ఇద్దరికీ మాటలు పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ ఆయన నాకు చెప్పాల్సింది కిటికీలో ఉన్న కూలర్‌తో చెబుతారు, నేను ఆయనకు చెప్పాల్సింది పుస్తకాల బీరువాతో చెబుతాను. కొత్తగా చేరిన లెక్కల మేడమ్ మొదట్లో మమ్మల్ని చూసి భయపడింది గానీ తర్వాత అలవాటు పడిపోయింది. ఆ మధ్యాహ్నం నేను ట్రాక్టరు సంగతి ఆమెకు గొప్పగా చెబుతుంటే, ఆయన టిఫిన్ డబ్బా మూత తీస్తూ కూలర్‌తో ఒకే మాట అన్నారు.

"విశిష్టోష్ణం."

"కొంతమందికి అడక్కుండా సలహా ఇవ్వకపోతే అన్నం అరగదు" అన్నాను బీరువాతో.

"వేడిని మోయడంలో నీళ్ళను మించింది లేదు" అన్నారాయన కూలర్‌తో, పెరుగన్నం కలుపుకుంటూ. కుళ్ళుబోతు, నా పేరు మోగిపోతుందని ఏడుపు అనుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు.

"మన ఫ్రిజ్‌లోనే ఐసు కట్టి చావట్లేదు. ఈ ఎండల్లో ట్రాక్టరుకి గడ్డకట్టకుండా మందేంటండీ?"

"గడ్డకట్టకుండా చేసేదే మరగకుండా కూడా చేస్తుంది. అదే దాని గొప్ప."

"ఆ మెకానిక్‌నే అడగమనొచ్చుగా."

"మెకానిక్ ఎమ్మెస్సీ చేశాడా?"

"మరి ట్రాక్టరు చేసిందా?" అంది. ఆవిడతో వాదన పెట్టుకుంటే నాకే నష్టం.

మర్నాడు మధ్యాహ్నం అతని ట్రాక్టరు మీదే పంజాగుట్ట బయల్దేరాం. చక్రం పైనున్న రేకు మీద, ఇస్త్రీ చొక్కాతో, జేబులో రెండు పెన్నులతో, ఒక చేత్తో సీటు కమ్మీ ఇంకో చేత్తో ప్రాణాలూ పట్టుకుని కూర్చున్నాను. మెట్రో స్తంభాల నీడ వచ్చినప్పుడల్లా హమ్మయ్య అనిపించేది, వెంటనే రేకు కాలేది. మా క్లాసు పిల్లలు నలుగురు ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోన్లలో ఫోటోలు తీశారు. సిగ్నల్ దగ్గర పక్కన ఒక పెద్ద కారు ఆగింది. అందులో ఆయన అద్దం దించి నన్నే అడిగాడు.

"శ్రీనగర్ కాలనీకి ఒక ట్యాంకర్ వస్తుందాండీ?"

"నేను నీళ్ళాయన్ని కాదండీ" అన్నాను.

"సార్ కెమిస్ట్రీ" అన్నాడు డ్రైవరు గర్వంగా.

"ఏదైనా పర్లేదండీ, ఉప్పు నీళ్ళు కాకపోతే చాలు" అన్నాడు కారాయన. ఈలోపు గ్రీన్ సిగ్నల్ పడింది.

దుకాణం పంజాగుట్ట మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే సందులో ఉంది. గోరింటాకు పెట్టిన గడ్డంతో ఒక పెద్దాయన గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. బండి ఏదని అడిగి, నా జవాబు పూర్తికాకముందే ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"గిదే తీస్కపోండ్రి సాబ్. పెద్ద డీజిల్ ఇంజన్లకు గిదే. కలిపి తయారుగ ఉన్నది. మూత తియ్యాలె, పొయ్యాలె, గంతే."

"కలిపి అంటే?"

"సగం మందు, సగం పానీ."

సగం నీళ్ళు అన్న మాట నా చెవిన పడిందో లేదో, నా మనసు ట్రాక్టరు మీద నుంచి దిగిపోయి మా పాలవాడి దగ్గరికి వెళ్ళిపోయింది. నీళ్ళు కలిపే విషయంలో నన్ను మోసం చేద్దామనుకున్నవాళ్ళు తక్కువ మందేమీ కాదు. మా ఇంట్లో లాక్టోమీటరు ఉంది. ల్యాబ్ నుంచి తెచ్చింది కాదు, సొంతంగా కొన్నది. ఇరవై ఆరేళ్ళలో అది ముంచి చూడకుండా ఒక్క పూట పాలు పోయించుకోలేదు. నలుగురు పాలవాళ్ళు దాన్ని చూసి మా ఇంటికి రావడం మానేశారు. అలాంటి నాకు డబ్బాలో సగం నీళ్ళు పోసి సీలు వేసి అమ్ముతానంటాడా ఈయన?

"నీళ్ళు కలపనిది లేదా?" అన్నాను గట్టిగా.

"ఉన్నది సాబ్. కానీ దాన్ని సీదా పొయ్యొద్దు. బరాబర్ డిస్టిల్డ్ వాటర్ కలపాలె. దాని మీదనే రాసున్నది, చూడుండ్రి."

చూశాను. చదవకుండా కొన్నానంటే నాకు కొంచెం మర్యాద మిగిలేది, కానీ చదివాను. సగానికి సగం నీరు కలిపి వాడాలని స్పష్టంగా ఉంది. అయితే దాని పక్కన మంచుకొండ బొమ్మ కూడా ఉంది. కాబట్టి ఈ సూచన మంచు కురిసే దేశాలవాళ్ళకు రాసింది, పంజాగుట్టకు వర్తించదు అని అక్కడికక్కడే తేల్చేశాను. నీళ్ళు కలపనివి రెండు పెద్ద డబ్బాలు ఇమ్మన్నాను.

"మీ మర్జీ సాబ్" అన్నాడు పెద్దాయన. ఇచ్చేటప్పుడు డ్రైవరు ముఖంలోకి ఒకసారి చూశాడు.

సాయంత్రం మా సందులోనే పోశాం. డ్రైవరు అగరొత్తులు వెలిగించి రేడియేటర్ ముందు కొబ్బరికాయ కొట్టాడు. వాచ్‌మన్, హాస్టల్ వార్డెనమ్మ, ఇస్త్రీ బండాయన, అందరూ చుట్టూ చేరారు. ఎదురుగా నలుగురుంటే నాకు పాఠం తన్నుకొస్తుంది. ద్రావణాల గురించి పావుగంట చెప్పాను. కొబ్బరి ముక్కలు తింటూ బుద్ధిగా విన్నారు.

"చుక్క నీరు కలపకూడదు. చుక్కంటే చుక్క" అని ముగించాను.

డ్రైవరు డబ్బా ఎత్తి పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు.

"దుకాణపాయన కలపాలె అన్నడు గద సార్?"

"కెమిస్ట్రీ ఆయన చెబుతాడా, నేను చెబుతానా?"

"మీరే సార్" అని పోసేశాడు. మూత బిగించి చేతులు తుడుచుకున్నాడు. "వేడి మీటర్ ముల్లు ఎప్పుడో పాడైంది సార్. ఆవిరి వస్తేనే ఇంజను వేడెక్కిందని నేను ఆపేటోణ్ణి."

"ఇక ఆవిరి రాదు. నువ్వు ఆపే పనే లేదు" అన్నాను నవ్వుతూ.

నిజంగానే రాలేదు. నాలుగు రోజులు ఎర్రమంజిల్ ఎక్కినా దిగినా ఒక్కసారి కూడా ఆవిరి రాలేదు. డ్రైవరు ఊరంతా చెప్పాడు. నా పేరు మోగిపోయింది. వార్డెనమ్మ తమ గీజరులో ఏం పోస్తే బాగుంటుందో అడిగింది. వాచ్‌మన్ తన టేబుల్ ఫ్యాన్ వేడెక్కుతోందని, దానికీ ఏదైనా చెప్పమన్నాడు. దానికి పోయడానికి చోటు లేదయ్యా అంటే, అయినా మీరు ఒకసారి చూడండి సార్ అని పట్టుబట్టాడు. వెళ్ళి చూశాను. ఎందుకు చూశానో ఇప్పటికీ తెలియదు.

అయిదో రోజు స్టాఫ్ రూములో కావాలనే గొంతు పెంచి బీరువాతో అన్నాను. "నాలుగు రోజులుగా చుక్క ఆవిరి లేదట ఆ ట్రాక్టరుకి."

ఫిజిక్స్ మాస్టారు చేతిలో పుస్తకం మూశారు. తర్వాత కూలర్ వైపు చూడకుండా, రెండేళ్ళలో మొదటిసారి, నా ముఖంలోకి చూశారు.

"నీళ్ళు మరిగితే ఆవిరొస్తుంది మాస్టారూ. ఇనుము కాగితే ఏమొస్తుంది?"

క్లాసుకు వెళ్ళాను, బోర్డు మీద సగం సమీకరణం రాశాను, అక్కడే ఆగిపోయాను. మరగకుండా ఉండటం ఒకటి, ఇంజను నుంచి వేడిని మోసుకొచ్చి బయట పారేయడం ఇంకొకటి. నేను మొదటిదానికి లెక్క కట్టి రెండోదాన్ని వదిలేశాను. అచ్చమైన గ్లైకాల్ నీళ్ళు మోసే వేడిలో సగం కంటే కాస్త ఎక్కువ మోస్తుంది, అంతే. లోపల ఇంజను కాగిపోతున్నా అది మాత్రం చల్లగా, మర్యాదగా, ఆవిరి వదలకుండా కూర్చుంటుంది. ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క హెచ్చరికను నేను మూత పెట్టి బిగించేశాను. చాక్‌పీసు బల్ల మీద పడేసి బయటికి పరిగెత్తాను. వెనక నుంచి ఒక అమ్మాయి జవాబు ఎన్నోది సార్ అని అడుగుతూనే ఉంది.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. ట్రాక్టరు మీద ఉంటే అతనికి ఫోన్ మోత వినపడదు. స్కూటర్ తీసి పంజాగుట్ట మీదుగా ఎర్రమంజిల్ వైపు పోనిచ్చాను. దేవుడా, ఈ ఒక్కసారికి అతను ఇంకా ట్యాంకు నింపుకుంటూ ఉండాలి అని పైకే అనుకుంటూ పోయాను. సిగ్నల్ దగ్గర పక్క ఆటోవాడు నన్ను వింతగా చూశాడు.

ఎత్తు సగంలో ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంది. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి. బండి వెనక్కి జారకుండా ట్యాంకు ఖాళీ చేస్తున్నట్టున్నాడు, నీళ్ళు రోడ్డంతా పారుతున్నాయి. ఇంజను నుంచి ఆవిరి లేదు. కాలిన వాసన మాత్రం వస్తోంది. అతను బానెట్ మీద చెయ్యి పెట్టబోయి, కాలి, వెనక్కి తీసుకున్నాడు.

"ఆవిరి రాలే సార్" అన్నాడు నన్ను చూసి. "అందుకే నేను ఆపలే."

బేగంపేట నాలా పక్కనున్న షెడ్డుకి లాక్కెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. మెకానిక్ రెండు గంటలు విప్పాడు. అంతసేపూ డ్రైవరు ఒక పాత టైరు మీద కూర్చుని తన చేతులు చూసుకుంటూ ఉన్నాడు. చివరికి మెకానిక్ మమ్మల్ని పిలిచి, గుడ్డతో నూనె తుడిచి, ఇనుము మీద వెంట్రుక మందాన ఉన్న గీతను గోటితో చూపించాడు. అది పై నుంచి కింది దాకా ఉంది.

"బ్లాక్ పాయె. ఇగ తుక్కే" అన్నాడు. తర్వాత గిన్నెలోకి తీసిన కూలెంటులో వేలు ముంచి రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు. "ఇండ్ల సుక్క నీళ్ళు లెవ్వు. గిట్ల పొయ్యమని ఎవడు చెప్పిండు?"

"నేనే చె..." అని నోరు తెరిచాను.

"సార్ సగం నీళ్ళు కలపమన్నడు" అన్నాడు డ్రైవరు నా మాట పూర్తికానివ్వకుండా. "నేనే మర్చిపోయిన."

"కాదయ్యా. చుక్క నీరు కలపొద్దని చెప్పింది నేనే. డబ్బా మీద రాసున్నా చదివి కూడా వద్దన్నాను."

మెకానిక్ నా వైపు చూసి మెత్తగా నవ్వాడు. "మీరు కెమిస్ట్రీ సార్ గదా? గంత సదువుకున్నోళ్ళు గిట్లెందుకు చెప్తరు? ఈని తప్పు మీ మీద ఏసుకుంటున్రు. గింత మంచోళ్ళు ఈ రోజులల్ల ఏడున్నరు? మా బిడ్డను వచ్చే ఏడు మీ దగ్గరనే చేర్పిస్త."

"అరే, నిజంగా నేనేనయ్యా బాబూ" అన్నాను. నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్" అని మెకానిక్ నా భుజం తట్టి, డ్రైవరు వైపు తిరిగి, చదువు లేకపోతే ఇట్లే ఉంటది అని తిట్టడం మొదలుపెట్టాడు. అతను తల వంచుకుని తిట్లన్నీ పడ్డాడు. ఎమ్మెస్సీ చదివిన నేను పక్కన నిలబడి విన్నాను.

బయటికొచ్చాక రోడ్డు మీద అతన్ని చెయ్యి పట్టుకుని ఆపాను. "ఎందుకలా చెప్పావు? నేను కలపొద్దన్నది నీకు గుర్తులేదా?"

"ఎందుకు యాదికి లేదు సార్. దుకాణపాయన చెప్పింది సుత యాదున్నది. పోసేటప్పుడు నా మనసుల అనిపించింది కూడా." అతను షెడ్డు వైపు ఒకసారి వెనక్కి చూశాడు. "బండి ఎట్లనో పాయె. గాడ మెకానిక్ ముంగట మీ ఇజ్జత్ సుత ఎందుకు పోవాలె?"

ఏదో ఒకటి చేద్దాం, నేనున్నాను, అలాంటి మాటలేవో అనబోయాను. అతను మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు.

"రేపు పొద్దుగాల క్లాసుంటది గద సార్ మీకు?" అన్నాడు.

"ఉంది."

"పిల్లలకు జర సరిగ్గ చెప్పుండ్రి" అన్నాడు. స్కూటర్ ఎక్కమంటే వద్దని, బస్ స్టాపు వైపు నడిచి వెళ్ళిపోయాడు.